మోకు మూత, వెదురు గిన్నె

అమ్మ మంగళవారం పోయింది. శుక్రవారం పొద్దున చర్చిలో అంత్యక్రియలు, ఆ తరువాత చర్చి కింది హాల్లో భోజనాలు. ఆ భోజనాల్లో తన తెల్ల పింగాణీయే వాడాలని అమ్మ ఎప్పుడో చెప్పి ఉంచింది. అందుకని గురువారం ఉదయం ఆమె వంటింట్లో కూర్చుని, ఏ బల్ల మీదికి ఏ రకమో విడదీస్తున్నాను. ఏడుపు రాలేదు. చేతులు పనిచేస్తున్నాయి, అంతే.

అమెరికాలో మా అయోవా పల్లెల్లో ఈ పింగాణీ లేని ఇల్లు తక్కువ. ముత్తవ్వల కాలంలో ఇంగ్లండు నుంచి గడ్డిలో చుట్టి ఓడల్లో వచ్చింది. గట్టి తెలుపు, మధ్యలో రాగి మెరుపుతో తేయాకు బొమ్మ. అన్నిటి మీదా అదే ఆకు కాబట్టి తెలియనివాళ్లు అన్నీ ఒకే సెట్టనుకుంటారు. ఆకు ఒకటే గాని ఒళ్లు వేరు. ఒకదాని పిడి వెదురు కణుపుల్లా ఉంటుంది, ఇంకోదానిది పేనిన మోకులా, మరోదానిది గాలపు ముల్లులా. "ఆకును చూడకు. ముందు మూత మీది బుడిపె చూడు, తరువాత పిడి చూడు. రెండూ ఒకే తీరున ఉండాలి" అని నాకు నేర్పింది అమ్మే. ఆమె కూడా నడివయసు దాటాక, పాత పింగాణీ పోగేసేవాళ్ల సంఘంలో చేరి నేర్చుకుంది.

పై అరలో, అన్నిటి వెనకా, అమ్మమ్మ పంచదార గిన్నె ఉంది. దాన్ని అమ్మ అద్దాల బీరువాలో ఏనాడూ పెట్టలేదు. మూత అంచు కొంచెం పగిలి ఉంటుంది. ఆ పగులు కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మ అంత్యక్రియల భోజనాలనాడు గిన్నెలు కడిగింది అమ్మ చెల్లెలు లవాన్ పిన్ని. మూత పగలగొట్టి నోరు మెదపకుండా ఊరుకుందని అమ్మ అంది. నేను పగలగొట్టలేదంది పిన్ని. చర్చి ఆడవాళ్లందరి ముందూ అమ్మ ఆమెను అబద్ధాలకోరు అంది. అప్పటినుంచి ఒకే ఊళ్లో, ఒకే చర్చిలో, అటొకరు ఇటొకరు కూర్చుంటూ బతుకు గడిపేశారు.

మూత పక్కన పెట్టబోతూ బుడిపె చూశాను. పేనిన మోకు. గిన్నె పిడులు చూశాను. వెదురు కణుపులు.

మూత ఈ గిన్నెది కాదు.

అన్నయ్య డ్వేన్ బయట ట్రక్కులోకి కుర్చీలు ఎక్కిస్తున్నాడు. పిలిచి చూపించాను.

"రెండూ గీతలు గీతలుగానే ఉన్నాయి గదే."

"ఇవి కణుపులు. ఇది పురి. సరిగ్గా చూడన్నయ్యా. పిన్నికి వాళ్ల అత్తగారి మోకు గిన్నె ఉండేది కదా. ఆ రోజు రెండూ బల్లల మీద పెట్టారు. కడిగేటప్పుడు మూతలు మారిపోయాయి."

మా చర్చిలో ఎవరి గిన్నె వాళ్లకు చేరాలని అడుగున పేరు రాసిన టేపు ముక్క అంటిస్తారు. మూతకు ఎవరూ అంటించరు.

అన్నయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. "అంటే ఈ పగులు పిన్నీవాళ్లదే. ముందునుంచీ ఉన్నదేమో." "మరి అమ్మకు తెలిసే ఉండాలిగా? నీకు నేర్పిందే తను" అన్నాడు.

తెలుసు కాబట్టే అంత వెనక్కి నెట్టింది.

"రేపు పిన్ని వస్తుందా?" అని అడిగాను.

"ఫోన్ చేస్తే పెట్టేసింది. నువ్వెళ్లు. కాలేజీలో చదివినదానివి, నీకు మాటలొచ్చు."

"కాలేజీలో ఇలాంటివి నేర్పలేదు."

"నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. వెళ్లు."

అమ్మకు మిగిలిన తోబుట్టువు పిన్ని ఒక్కతే. ఊరేమనుకున్నా ఫర్వాలేదు. మట్టిలో పెట్టేముందు, అమ్మను చిన్నపిల్లగా చూసిన మనిషి ఒక్కరైనా పక్కన ఉండాలనిపించింది. మూతను తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరాను.

పిన్ని తలుపు తీసింది గాని జాలీ తలుపు గడియ తియ్యలేదు. "పోయాక గుర్తొచ్చానా?"

తువ్వాలు విప్పి చూపించాను. ఆమె చాలాసేపు చూసి గడియ తీసింది.

"రెండు వీధుల దూరం" అంది. "మీ అమ్మకు ఈ జన్మంతా చాల్లేదు."

"నీకు తెలుసా, పిన్నీ?"

"ఇంటికొచ్చి పంచదార పోస్తుంటేనే తెలిసింది. మా అత్తగారి మూత పగుల్లో రోజూ నా బొటనవేలు ఆనేది. ఆ రోజు ఆనలేదు."

"మరి చెప్పలేదేం?"

"నలుగురిలో అబద్ధాలకోరు అన్నది తను. నేను మూత పట్టుకుని దాని గుమ్మం ఎక్కాలా? అదే వస్తుందిలే అనుకున్నా." కుర్చీలో కూలబడింది. "నిజం చెప్పు. దానికి తెలుసా?"

తెలియదంటే పని సులువయ్యేది. అమ్మ ఎటూ కాదనదు.

"తెలుసు పిన్నీ. బుడిపె చూడమని నాకు నేర్పింది తనే. తెలిసే వెనక దాచింది."

ఫ్రిజ్ గురగురమంటోంది. పిన్ని బల్ల మీది రొట్టె నలుసులను వేలితో ఒకచోటికి చేర్చింది.

"మొండిఘటం" అంది చివరికి. "చిన్నప్పుడూ అంతే. తప్పు చేశానని తెలిస్తే చాలు, పశువుల కొట్టంలో దూరి కూర్చునేది. నేను వెళ్లి పిలిచేదాకా అన్నానికి కూడా వచ్చేది కాదు." నలుసులను అరచేతిలోకి ఊడ్చుకుంది. "ఈసారి నేను పిలవలేదు."

తువ్వాలు మడత పెట్టాను.

"రేపు పదిన్నరకు, పిన్నీ."

"భోజనాల్లోకి ఏం పెడుతున్నారు?"

"హామ్ బన్నులు, బంగాళాదుంపలు."

"కేకు లేదూ? బాగానే ఉంది సంబడం."

వస్తాననలేదు. రాననలేదు. మూత ఆమె బల్ల మీదే ఉంచి వచ్చేశాను.

శుక్రవారం అన్నయ్య, నేను ముందు బెంచీలో కూర్చున్నాం. అమ్మ శవపేటిక మూసి ఉంది. దాన్ని చూస్తున్నా ఏమీ అనిపించడం లేదు. వెనక తలుపు దగ్గర, అంత్యక్రియల పనులు చూసే పొరుగూరి ఆయన ఎవరినో మెల్లగా అడగడం వినిపించింది. "మీరు బంధువులా అమ్మా?"

జవాబు వెంటనే రాలేదు.

"చెల్లెల్ని."

ఆయన ముందుకు దారి చూపించాడు. పిన్ని కోటుతోనే నడిచి వచ్చింది. అన్నయ్య జరిగాడు, నేనూ జరిగాను. మా ఇద్దరి మధ్యా కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. ఆర్గాన్ మొదలయ్యాక పాటల పుస్తకం తెరిచి, నాకూ కనిపించేలా కొంచెం ఇటు వంచి పట్టుకుంది. నేను పాడలేకపోయాను. ఆమె పాడింది.