ముందు బెంచీ జ్వరం

నరసరావుపేటలోని ఆ పాత సినిమా హాలుకు ఆడవాళ్ళు చంకలో తువ్వాలు పెట్టుకుని వెళ్ళేవారు. తెర మీద కురిసిన వాన ముందు బెంచీలను తడపకుండా పోయేది కాదు మరి. కరువు ఏళ్ళలో బిందెలు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. చెన్నమ్మ కాపురానికి వచ్చిన ఏడు అత్తగారు భక్తి సినిమాకు తీసుకువెళ్తే, దేవతలు కురిపించిన పూలు ఆమె ఒళ్ళో కూడా రాలాయి. అత్తగారు వాటిని కొంగున కట్టి తెచ్చి దేవుడి అరలో పెట్టింది. "పారిజాతాలే, రేకు కాస్త పల్చన" అందట.

ఆ చెన్నమ్మే నలభై ఏళ్ళుగా వేణుగోపాలస్వామి గుడిలో ప్రసాదం వండుతోంది. స్వామికి పెట్టకముందు రుచి చూడకూడదు కదా! మూత తీసినప్పుడు ముఖానికి తగిలే ఆవిరే ఆమెకు కొలత. ఉప్పు తగ్గినా, పులుపు హెచ్చినా ఆ వాసనే చెప్పేది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమె బతికి బయటపడింది గానీ, ముక్కు మాత్రం వెనక్కి రాలేదు. అప్పటినుంచి పులిహోర ఒకరోజు ఉప్పన, ఒకరోజు చప్పన. ధర్మకర్త రాఘవయ్య నాలుగేళ్ళు ఓర్చుకున్నాడు.

"వదినా, సోమవారం వినుకొండ నుంచి వంటమనిషి వస్తన్నాడు. నువ్విక సుఖాన కూర్చో" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"కూర్చుని స్వామి మొహం ఎట్టా చూసేది రాఘవయ్యా?"

ఆయన కండువా సర్దుకుని గుడి మెట్లు దిగిపోయాడు.

ఆ శనివారమే హాలుకు ఒక డబ్బింగు సినిమా వచ్చింది. దేశదేశాలకు పాకి జనాన్ని రాల్చేసే జబ్బు. దానికి మందు కనిపెట్టడానికి ఒక డాక్టరమ్మ పడే పాట్లు. ముక్కులో చల్లే ఆ మందు సినిమా ఆఖర్లో గానీ దొరకదు. ముందు బెంచీలకు ఒక్క టికెట్టూ తెగలేదు. చెన్నమ్మ ఆ బెంచీ టికెట్టే కొనుక్కుంది.

ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే జైనాబ్ బీ అడ్డం నిలబడింది.

"ఏందక్కా, మతి పోయిందా? ముందు కూర్చుంటే జ్వరమే గదా!"

"తెలుసే. మందు కోసమే వచ్చా."

"అట్టయితే ఇంటర్వెల్ అయినాక రా. నేనే లోపలికి తోస్తా."

"ఏమే జైనాబూ, రోజా ఉండకుండా రంజాన్ చేసుకుంటావా నువ్వు? జబ్బు పడనోళ్ళకి మందేం పనిచేస్తదే?"

"చానా మొండిదానివి" అంటూ జైనాబ్ బీ టికెట్టు చింపింది.

తెర మీద మొదటి దగ్గు వినపడగానే చెన్నమ్మ గొంతు గరగరలాడింది. విమానాలు ఆగిపోయేసరికి ఒళ్ళు కాలిపోయింది. ఆస్పత్రి వరండాల్లో మంచాలు నిండేసరికి ఊపిరి బిగిసింది. ఆమె గోవిందనామాలు పట్టుకుని కూర్చుంది. "ఓర్చుకో పెద్దమ్మా, ఇంకో అరగంటే" అని వెనక వరసలవాళ్ళు ధైర్యం చెప్పారు.

డాక్టరమ్మ మందు సీసా పైకెత్తింది. కరెంటు పోయింది.

జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. "ఒరేయ్ ఐజాజ్! ముందు బెంచీలో మనిషుందిరా!" అని ఆపరేటరు మీద కేకలేస్తూనే జైనాబ్ బీ గేటు వదిలి వచ్చింది. చెన్నమ్మ పక్కన కూర్చుని నుదుట తడిగుడ్డ వేసింది.

"నువ్వెందుకే ఇక్కడ? తెర వెలిగితే నీకూ తగులుద్ది."

"తగలనీ. ఇద్దరికీ సరిపోద్దిలే మందు."

చాలాసేపటికి తెర వెలిగింది. డాక్టరమ్మ చల్లిన తుంపర ముందు బెంచీ మీదికి మంచులా దిగింది. జైనాబ్ బీ గట్టిగా తుమ్మింది. చెన్నమ్మ కళ్ళు మూసుకుని గాలి లోపలికి పీల్చింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఏమే, వక్కపొడి నములుతున్నావా?"

"నాలుగేళ్ళ నుంచీ నీ ముందే నములుతున్నా గదక్కా" అంది జైనాబ్ బీ. అని, కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున్నే రాఘవయ్య కొత్త వంటమనిషిని వెంటబెట్టుకు వచ్చాడు. అతను సంచీ అరుగు మీద పెట్టాడు, ఇంకా ముడి విప్పలేదు. పొయ్యి దగ్గరున్న చెన్నమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"నాయనా, నీ సంచీలో ఇంగువ పాతబడింది. స్వామికి పనికిరాదు."

రాఘవయ్య కాసేపు ఆ సంచీ వంకే చూశాడు. తర్వాత వంటమనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"ప్రసాదం తిని పోదువు గాని బాబూ. పదింటికి వినుకొండ బస్సుంది."