అలివేణమ్మ మోర్సింగు, మిసిసిపి దారిలో

నేను ఒక మోర్సింగుని. గుర్రపు నాడాకి నాలుక మొలిచినట్టుంటాను. తెనాలిలో బ్రహ్మాచారి అనే కమ్మరి ఇనుప కడ్డీ వంచి నా ఒళ్ళు చేశాడు, పాడైపోయిన గోడగడియారం స్ప్రింగు కోసి నాలుక పెట్టాడు. అందుకేనేమో, లయ విషయంలో నాకు కాస్త పొగరు. ముందు పళ్ళకి ఆనించి వేలితో మీటితేనే పలుకుతాను. అంటే నా సగం ప్రాణం మనుషుల నోట్లో ఉంటుంది. మనుషుల నోరు ఎంత నమ్మదగిందో మీకు తెలియనిదా!

నన్ను కొన్న అలివేణమ్మ బెజవాడ కచేరీల్లో ముప్పై ఏళ్ళు నన్ను పలికించింది. నాలుగేళ్ళ కిందట స్కూటరు మీంచి పడి ముందు పళ్ళు రెండూ పోగొట్టుకుంది. కట్టుడు పళ్ళు పెట్టించుకుంది గాని, నన్ను ఆనిస్తే అవి కదిలిపోయేవి. "ఇక మన పని అయిపోయిందే" అంటూ డబ్బాలో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇనుము ఏడిస్తే తుప్పు పడుతుంది, అంతే.

ఈ వేసవిలో అలివేణమ్మ అమెరికాలో, నాష్‌విల్‌లో ఉన్న అక్క కూతురు హిమజ ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో రోజే అద్దె కారు తీసుకుని, మెంఫిస్ మీదుగా మిసిసిపి దాకా పాటలు పుట్టిన ఊళ్ళన్నీ చూసొస్తానంది.

"ఒక్కదానివేనా పిన్నీ? ఇక్కడ కుడివైపు నడపాలి!"

"బెజవాడ ఆటోల మధ్య నడిపినదాన్నే. నాకు ఏ వైపైనా ఒకటే."

వెళ్ళిన ప్రతిచోటా గాజు వెనక గిటార్లే. ఎవరో గాయకుడు తొడిగిన కోటుకి కూడా ఒక కాపలా మనిషి! అలివేణమ్మ వాటి కింద అంటించిన ప్రతి చీటీ చదివేది, కారెక్కి గొంతెత్తి పాడేది. నేను హ్యాండుబ్యాగులో దువ్వెనకీ జలుబు మందుకీ మధ్య ఊగుతూ విన్నాను. నన్నెందుకు తెచ్చిందో మాత్రం అర్థం కాలేదు.

మిసిసిపిలో ఒక చిన్న ఊళ్ళో పాత రైలు స్టేషన్ని మ్యూజియం చేశారు. దాన్ని చూసుకునేది లూథర్ అనే బోసినోటి పెద్దాయన. అక్కడ గాజుపెట్టెలో అచ్చం నాలాంటిదే ఒకటుంది. వాళ్ళు జా హార్ప్ అంటారట. అలివేణమ్మ నన్ను తీసి బల్లమీద పెట్టింది.

"దీన్ని కూడా అందులో పెట్టండి. ఇక నా నోటికి పనికిరాదు."

నా నాలుక బిగుసుకుపోయింది.

"ఎలా పలుకుతుందో వినకుండా చీటీ ఏం రాయను?" అన్నాడు లూథర్. ఆమె పళ్ళ సంగతి చెప్పింది. ఆయన నవ్వేశాడు. "ఆ పెట్టెలో ఉన్నది మా నాయనమ్మది. ఆవిడకి మిగిలినవి పక్క పళ్ళే. వాటితోనే వాయించేది. ముందువే కావాలని ఎవరన్నారమ్మా?"

అలివేణమ్మ అటు తిరిగి కట్టుడు పళ్ళు తీసేసి, నన్ను ఎడమవైపు పళ్ళకి ఆనించి మీటింది. మొదట కీచుమన్నాను. సిగ్గేసింది. రెండోసారి ధోం అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తకిట తకధిమి అంటూ ఏడేసి దెబ్బల నడక అందుకుంది. లూథర్ బల్లమీద నాలుగేసి చొప్పున చరిచాడు. ఎవరి లెక్క వాళ్ళది, ఎవరూ తగ్గరు. ఇరవై ఎనిమిది దెబ్బలు నిండాక ఇద్దరూ ఒక్కసారే సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి పడీపడీ నవ్వారు.

ఆమె నన్ను మళ్ళీ బల్లమీద పెట్టగానే లూథర్ తిరిగి ఆమె వైపు నెట్టాడు. "దీన్ని తీసుకోలేనమ్మా. ఇక్కడ పెట్టేవి మాట పడిపోయినవే."

పది మైళ్ళు పోయాక అలివేణమ్మ అద్దంలో మొహం చూసుకుని ఉలిక్కిపడింది. కట్టుడు పళ్ళు లూథర్ బల్లమీదే ఉండిపోయాయి. కారు పక్కకి ఆపింది. వెనక్కి తిప్పుతుందనుకున్నాను.

"ఉండనీలే" అని, బ్యాగులోంచి నన్ను తీసింది.