శౌరయ్య మంచం దాకా వచ్చిన గుడి

ఆదివారం పొద్దున్నే రాణి వాళ్ళ నాన్న శౌరయ్యకి రాగిజావ పట్టించి, మూతి తుడిచి, గుడి ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వీధిలోకి వచ్చింది. రాజుగారి రొయ్యల చెరువు గట్టు మలుపు తిరిగేసింది అప్పటికే. గంట గోపురం మీద కొంగ వాలి ఉంది.

మరియలంక ఆర్సీఎం గుడి లెంట్ ఉపవాసాల రోజుల్లో కదలడం మొదలెట్టింది. వారానికి నాలుగడుగులు, ఒక్కోసారి ఆరు. లైన్‌మన్ వచ్చి సర్వీసు వైరు పొడిగించి పోయాడు. చెరువు గల సుబ్బరామరాజు గారు మాత్రం, "వెళ్తే వెళ్ళింది గానీ, మేత వేసే టైములో గంట కొట్టకండి, రొయ్యలు బెదురుతాయి" అని చెప్పి ఊరుకున్నారు.

ఊరికి బాధ గుడి నడకతో కాదు, ఎవరి కోసం నడుస్తోందన్న దాంతో. రాణి ఇంటి వెనకాల పాత మేత గోడౌన్ ఉంది. అందులో ఆరోగ్యరాజు గారూ ఆయన మనుషులూ వేరు కుంపటి పెట్టారు. నెలకోసారి తమిళదేశం నుంచి ఓ సామి వచ్చి పాతకాలపు లత్తీను భాషలో పూజ చేసి వెళ్తాడు. బిషప్పులు దారి తప్పారు, రోమే దారి తప్పింది, అసలు విశ్వాసం మా రేకుల కింద మిగిలింది, అందుకే గుడి మా దగ్గరికొస్తోంది అంటారు వాళ్ళు. వేరుపడ్డోళ్ళని చెవి పట్టి లాక్కురాడానికి వెళ్తోంది అంటారు గుడి ఫాదర్ జోజిబాబు గారి వైపు వాళ్ళు. మంచం మీద మనిషి సంగతి ఒక్కడికీ పట్టదు. ఏం మనుషులండీ బాబూ!

శౌరయ్య చేసిన తప్పేంటి? కరోనా తర్వాత బిషప్ గారి ఆర్డరు వచ్చింది, స్వామి శరీరమైన సత్ప్రసాదపు అప్పం నిలబడి చేతిలోనే తీసుకోవాలని. శౌరయ్య చిన్నప్పట్నుంచీ మోకాళ్ళ మీద, నాలుక మీదే తీసుకున్నవాడు. "ఈ చేతుల్తో పేడెత్తాను, వల లాగాను. వీటితో స్వామిని ఎట్టా ముట్టుకుంటానండీ?" అని మోకరించి నోరు తెరిచాడు. ఫాదర్ గారు ఆయన్ని దాటేసి పక్కవాళ్ళకి ఇచ్చారు. ముసలాయన అలా నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ఊరంతా చూసింది. రాణికి ఈనాటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

తర్వాత ఆయన గోడౌన్‌కి వెళ్ళాడు. అక్కడ ఆదరించారు, కాదనకూడదు. కానీ రాణి కూతురు హేమశ్రీకి ఫాదర్ జోజిబాబు గారు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదనీ, మళ్ళీ ఇప్పించాలనీ ఆరోగ్యరాజు గారు పట్టుబట్టారు. "నా మనవరాలు క్రైస్తవురాలు కాదంటారా?" అని శౌరయ్య అరిచి లేచొచ్చేశాడు. రెంటికీ చెడ్డ రేవడ అయ్యాడు. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. ఇప్పుడు రోజులు దగ్గరపడ్డాయి. ఆయనకున్న కోరిక ఒక్కటే, పోయేలోపు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసుకుని సత్ప్రసాదం తీసుకోవాలని.

రాణి ముందు ఫాదర్ గారి దగ్గరికే వెళ్ళింది.

"వస్తానమ్మా. కానీ ముందు ఆయన గుడిలో అందరి ముందూ, గోడౌన్‌కి పోయిన తప్పు ఒప్పుకోవాలి. పైనుంచి వచ్చిన మాట."

"లేవలేని మనిషి గుడికెలా వస్తాడండీ?"

"మంచంతో సహా తీసుకురండి."

ఆ మాట ఆయన టీ తాగుతూ అన్నారు.

గోడౌన్‌కి వెళ్తే ఆరోగ్యరాజు గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "చూడమ్మాయ్, పాపకి మళ్ళీ నీళ్ళు పోయించు. మా సామిని నేనే వెంటబెట్టుకొస్తాను."

"నా బిడ్డని తాకట్టు పెట్టమంటారా? సిగ్గులేదండీ మీకు?" అంది రాణి. ఇంటికొచ్చి అంట్లగిన్నెలు విసిరికొట్టింది. తగలాల్సినవాళ్ళకి తగలవు కదా, గిన్నెలకే సొట్టలు పడ్డాయి.

రాణి గుడి చూడ్డానికి వీధిలోకొచ్చిన ఆ ఆదివారమే, పూజ సగంలో గుడి ఊరెప్పుడూ చూడనంత జోరుగా నడిచింది. లోపల పాట ఆగలేదు. దభీమని చప్పుడైంది, శౌరయ్య ఇంట్లో ఉట్టి ఊగింది. రాణి చూసేసరికి గుడి సింహద్వారం తన వీధిగుమ్మానికి అతుక్కుపోయి ఉంది, మధ్య చీమ దూరే సందు లేకుండా. గుడి పక్క తలుపులు రెండూ రాజుగారి చెరువులోకి తెరుచుకున్నాయి. లోపలున్నవాళ్ళు బయటికి రావాలంటే శౌరయ్య గది దాటాలి. వెనక పెరట్లోంచి గోడౌన్ జనం ఆరోగ్యరాజు గారితో సహా పరిగెత్తుకొచ్చారు. గుడిలోకి పోవాలంటే వాళ్ళకీ ఆ గదే దారి.

రాణి మంచం పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఒక్క అడుగు పడిందంటే కాళ్ళు విరగ్గొడతాను. ఫాదర్ గారూ, మంచంతో సహా గుడిలో ఉన్నాడు మా నాన్న. అందరూ ఉన్నారు. రండి!"

ఫాదర్ జోజిబాబు గారు పూజ బట్టల్లోనే సత్ప్రసాద పాత్ర పట్టుకుని వచ్చారు. కుక్కి మంచం నేలకి జానెడెత్తున ఉంది. ముసలాయన మాట వినపడాలంటే మోకాళ్ళ మీద కూర్చోక తప్పలేదు.

"చెప్పండి, శౌరయ్య గారూ."

శౌరయ్య మాట ముద్దగా వచ్చింది, అయినా అందరికీ వినపడింది. "కోపమండీ. మీ మీదా, ఆ ఆరోగ్యరాజు మీదా. దేవుణ్ణి మీ ఇద్దరూ చెరో మూలకీ లాక్కుపోయారు. నన్ను బయట నిలబెట్టారు. చచ్చేంత కోపం. అదే నా పాపం."

"దానికి పశ్చాత్తాపపడుతున్నారా?"

"లేదండీ."

పశ్చాత్తాపం లేనివాడికి క్షమించి పాపపరిహారం ఇవ్వకూడదని గుడి జనానికీ తెలుసు, గోడౌన్ జనానికీ తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు వర్గాలకీ తేడా లేదు. అబద్ధం చెప్పచ్చు కదా నాన్నా, అనుకుంది రాణి.

ఫాదర్ గారు ముసలాయన మొహంలోకి చూశారు. తల దించుకున్నారు.

"పశ్చాత్తాపం నాకుందండీ," అన్నారు. "మీ బదులు అది సరిపోతుందో లేదో నాకు తెలీదు."

పాపపరిహార మంత్రం చదివారు. శౌరయ్య నోరు తెరిచాడు. ఫాదర్ గారు సత్ప్రసాదం తీసి నాలుక మీద పెట్టారు. పెరటి గుమ్మంలో ఆరోగ్యరాజు గారు మోకాళ్ళ మీదున్నారు. ఎప్పుడు మోకరించారో ఆయనకే తెలీదు.

పొద్దు వాలేలోపే శౌరయ్య పోయాడు. అప్పటికి కోపం తగ్గిందో లేదో ఎవరూ అడగలేదు. శవపెట్టె ఎత్తడానికి రెండు వర్గాల వాళ్ళూ చేతులు చాపారు. రాణి వాళ్ళని ఆపి, అటునుంచి ఇద్దర్నీ ఇటునుంచి ఇద్దర్నీ వేలు పెట్టి చూపించి పిలిచింది.

"ఎత్తండి. దారిలో నోరెత్తారంటే మాత్రం దింపేసి పొండి, నేనే మోసుకుంటాను."