ఆవకాయ నొప్పి

ఆవకాయ ముక్కలు తుడుస్తుంటే ఎడం చెయ్యి మళ్ళీ లాగింది. ఈసారి దవడ దాకా పాకింది. ఒళ్ళంతా చెమట. మా అత్తగారు రిబ్కమ్మ తలెత్తకుండానే, "ఆవకాయ నొప్పే అమ్మాయ్, ఆగిరిపల్లిలో ఏ ఆడదానికి లేదు? అమృతాంజనం రాసుకో" అన్నారు. మామిడికాయ దిగిందంటే ఈ ఊళ్ళో ఆడవాళ్ళ నొప్పులకి వేరే కారణం ఉండదు. టెంక కొట్టినందుకు చెయ్యి, వంగి జీడి తీసినందుకు నడుము.

నా ఉద్యోగమేంటో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. "కంప్యూటర్లో ఏదో కొట్టుకుంటుంది, ఇంట్లోనే ఉంటుందిగా" అని నా భర్త చార్లెస్ చుట్టాలకి చెబుతాడు. ఇంట్లోనే ఉంటానంటే, మీటింగులో ఉన్నా కుక్కరు కూత నాదే అని. నేను చేసేది ఆసుపత్రుల పని. రోగి లక్షణాలు ఎక్కించగానే, డాక్టరు మరిచిపోకూడని సంగతిని తెర మీద ఎర్ర పెట్టెలో చూపించే ప్రోగ్రాం. ఆడవాళ్ళ గుండెపోటు ఛాతీలోనే మొదలవ్వాలని లేదు. చెయ్యి, దవడ, చెమట, ఆయాసం ఉంటే ఈసీజీ తియ్యమని చెప్పే పెట్టె నేను రాసిందే. "డాక్టర్లు విసుక్కుంటున్నారు దీవెనా. ఆడవాళ్ళవి సగం గ్యాస్ నొప్పులేగా, ఒక్క నొక్కుతో పోయేలా పెట్టు" అన్నాడు మా టీమ్ లీడర్ అనిల్. డాక్టరు కారణం రాస్తేనే పెట్టె మూసుకునేలా ఉంచుదామని వాదించాను. నా మాట మూసెయ్యడానికి అతనికి ఒక్క నొక్కు కూడా అక్కర్లేకపోయింది. చెప్పినట్టే పెట్టాను.

నేను రాసిన లక్షణాలన్నీ ఇప్పుడు నా ఒంట్లోనే కనబడుతుంటే భయం వేసింది. "ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాను. "ఉప్పూ కారం కలిపేసి వెళ్తే ఏం?" అని గొణుగుతూనే చార్లెస్ బండి తీశాడు.

నూజివీడు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఏమైందని చార్లెస్‌ని అడిగాడు. "ఆవకాయ పెడుతున్నారండీ, చెయ్యి పట్టేసినట్టుంది." మిగతావి నేను చెప్పాను. ఆయన కంప్యూటర్లో ఎక్కించాడు. అక్కడా మా ప్రోగ్రామే. తెర మీద నా ఎర్ర పెట్టె వచ్చింది. చదవలేదు. నొక్కాడు, పోయింది.

"గ్యాసేనమ్మా. మాత్ర రాస్తాను."

చార్లెస్ లేచాడు. "చెప్పానా? పద."

నేను లేవలేదు. "డాక్టరు గారూ, ఇప్పుడు మూసేశారే, ఆ ఎర్ర పెట్టె మళ్ళీ తెరిచి చదవండి. దాన్ని రాసింది నేనే. ఈసీజీ తీసేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

డాక్టరు చార్లెస్ మొహంలోకి చూశాడు.

"మరి ఇంట్లో ఆవకాయ ముక్కల సంగతి?" అన్నాడు చార్లెస్.

"కుళ్ళనివ్వండి."