అత్త మోయించిన పంది

మా ఇళ్ళలో మేనత్తదే పైచెయ్యి. తండ్రి మాటైనా దాటొచ్చు గాని ఆవిడ మాట దాటకూడదు. అందుకే కౌన్సిల్ మీటింగుకి నిప్పుల మీద కాల్చిన పందిని మోసుకెళ్ళాలని మా అత్త ఫతాయ్ అన్నప్పుడు నేను లోపల ఉడికిపోతూనే తలూపాను.

"అక్కడి పద్ధతి వేరత్తా," అని మాత్రం అన్నాను.

"అడిగేదెవరే లోసా? మనం. అడగడానికి పోతూ ఉత్త చేతులూపుకుంటూ పోతారటే? మీ నాన్న నీకిదేనా నేర్పింది?"

మా టోంగా దీవులు వదిలి బ్రిస్బేన్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆవిడ లెక్కల్లో మార్పు లేదు.

నా హోటల్లో ఆరు బల్లలకు మించి పట్టవు. పక్కనున్న లాండ్రీ మూతపడింది. గోడ పడగొట్టి రెండూ కలిపేసుకోవాలని నా పట్టుదల. గోడ మీద చెయ్యి వెయ్యాలంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఈ మీటింగులో తేలకపోతే ఆ కొట్టు సిగరెట్లు అమ్మేవాడికి ఇచ్చేస్తానని ఓనరు ముఖం మీదే చెప్పాడు.

లాభం కోసమే ఈ ఆరాటమంతా అనుకునేవాళ్ళు అనుకోనీ. మావాళ్ళలో ఎవరు పోయినా, సమాధి దగ్గర్నుంచి జనమంతా భోజనానికి నా దగ్గరికే వస్తారు. లోపల చోటు చాలక వెనక సందులో నిలబడి తింటారు. మా నాన్న పోయిన రోజూ అంతే. మా ఆచారంలో ఆ రోజు అందరికన్నా పై స్థానంలో కూర్చోవలసిన మనిషి మా అత్త. ఆవిడ సందులో బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుని, వానలో తడుస్తూ, పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టుకుని తింది. తిట్టినా బాగుండేది. ఆ గోడ పడగొట్టి తీరాలని ఆ రోజే అనుకున్నాను.

అడ్డం పడ్డది వెనకింటి ముసలాయన, లెస్ హార్గన్. గొడవ, కార్లు, పాటలు అంటూ కౌన్సిలుకి ఫిర్యాదు రాసి పడేశాడు.

మీటింగు రోజున అందరం నడుముకి చాపలు చుట్టుకుని వెళ్ళాం. పెద్దల ముందుకు అలా వెళ్ళడమే మాకు మర్యాద. మా కుర్రాళ్ళు నలుగురు పందిని మోసుకొచ్చి మేయరమ్మ బల్ల ముందు దించారు. అత్త ముందుకొచ్చి మా భాషలో నిండుగా మాట్లాడింది. మేయరమ్మ మాత్రం పాలిపోయింది.

"దయచేసి దీన్ని బయటికి తీసుకెళ్ళండి. అర్జీ పెట్టుకున్నవాళ్ళ దగ్గర మేం మంచినీళ్ళు తాగినా తప్పే. దీన్ని లంచం అంటారు."

"ఏమంటోందే?" అంది అత్త.

"లంచమంటోంది."

అత్త ముక్కుపుటాలు అదిరాయి. "లంచమైతే చాటుగా ఇస్తారు గాని, ఇన్ని లైట్ల కింద, ఇంతమంది ముందు, నలుగురి చేత మోయించి ఇస్తారా? అడుగు ఆవిణ్ణి."

అడిగాను. ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. మేయరమ్మ కదల్లేదు. ఆవిణ్ణి తప్పు పట్టను, ఆవిడ కట్టుబాటు ఆవిడది. మా విషయం అన్నిటికన్నా చివర్న తీసుకుంటామంది. ఒళ్ళు మండింది గాని అడగందే అమ్మైనా పెట్టదు కదా, కోపం మింగి బయటికి నడిచాను.

ఇచ్చినదాన్ని ఇంటికి మోసుకుపోతే ఇంక చర్చిలో తలెత్తుకోలేం. అత్త మెట్ల మీద చతికిలబడి, "కొయ్యండ్రా," అంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళని పిలిచింది. గేటు దగ్గరి కాపలాదారుని పిలిచింది. గోడ వారన సిగరెట్టు కాలుస్తున్న ముసలాయన్నీ పిలిచింది.

"అత్తా, మన మీద రాసింది ఆయనే," అన్నాను చెవిలో.

"అయితే ఇంకో ముక్క వెయ్యి. కడుపు నిండితే అరిచే ఓపిక ఉండదు."

లెస్ పళ్ళెం అందుకున్నాడు. "చూడమ్మాయ్, తిన్నానని మాట మార్చను," అన్నాడు.

"మార్చమని ఎవరడిగారండీ? అసలు మీ బాధేంటో నా మొహాన చెప్పండి చాలు."

ఆయన పళ్ళెం మెట్టు మీద పెట్టాడు. "నా పడగ్గది కిటికీ మీ సందులోకే ఉంది. ఎవరైనా పోయారంటే చాలు, జనమంతా దాని కిందే. ఏడుపు, పాటలు, మళ్ళీ ఏడుపు. నా భార్య పోయినప్పట్నుంచి అవి వినలేకపోతున్నాను. ఇప్పుడున్న హోటలుకే ఇంతమంది, పెద్దదైతే ఎంతమంది నిలబడతారు అక్కడ?"

ఇన్నాళ్ళూ ఈయన్ని తిట్టుకున్నందుకు సిగ్గుపడి, పక్కన కూర్చున్నాను.

"లెస్ గారూ, సందులో నిలబడాలని మాకేం సరదా? లోపల చోటు లేకే కదా. ఆ గోడ పడితే మీ కిటికీ కింద ఒక్క మనిషి ఉండడు. సందులోకున్న మా తలుపే మూయించేస్తాను."

ఆయన నన్ను చూశాడు, పాల క్రేటంత ఎత్తున్న మెట్టు మీద కూర్చున్న అత్తను చూశాడు. "వానలో కూడా ఇలాగే కూర్చుంది ఈవిడ. కిటికీలోంచి చూశాను," అన్నాడు.

చివరికి లోపల మా వంతు వచ్చింది. లెస్ లేచి, "వీళ్ళ మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. వీళ్ళని నా కిటికీ కింద నుంచి తీసి లోపల కూర్చోబెట్టండి. అందుకు గోడ తీయాలంటే తీయండి," అన్నాడు. మేయరమ్మ కళ్ళజోడు సర్దుకుని, సందు తలుపు మూసే ఉంచాలన్న షరతు రాయించింది. ఓటుకి కౌన్సిలర్ల చేతులు లేచాయి. కావలసినన్ని లేచాయి.

"గెలిచామా?" అంది అత్త.

"గెలిచాం."

"చూశావా, పంది..."

"మెల్లగా, అత్తా."

గోడ పడింది. కొత్త గదిలో మొదటి భోజనం మా చర్చి పెద్దాయన పోయినప్పటిది. అందరూ కూర్చున్నారు. గది చివర, అందరికన్నా పై స్థానంలో, చాప మీద అత్త. చామాకుల్లో చుట్టి ఉడికించిన మాంసం వడ్డిస్తుంటే పైన రేకుల మీద వాన మొదలైంది. అలవాటు కొద్దీ అందరూ పళ్ళేలకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అత్త కూడా పెట్టింది.

తరవాత చెయ్యి తీసేసి, "పడనీ," అంది.