ముకు దీర్ఘం

తప్పు నాదే. ఆ మాట ముందే అనేస్తే, దాన్ని పట్టుకుని తర్వాత నా నోరు మూయించే అవకాశం ఎవరికీ ఉండదు. కానీ సరిదిద్దేది కూడా నేనే అన్నాను చూడండి, మా ఇంట్లో అసలు గొడవ అక్కడ మొదలైంది.

మాది కొయ్య పెన్నుల పని. ఇంటి ముందుగదే పని గది. మా ఆయన లేత్ మీద కొయ్యను గుండ్రంగా తీస్తాడు. నేను గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, చీటీలు అంటిస్తాను. ఆఖరున ప్రెస్సు మీద పెట్టి అన్నీ బిగించేది మా బావగారు, అంటే మా ఆయన అన్న. ఆ ప్రెస్సు ముందున్న స్టూలు మీద ఇంకెవరూ కూర్చోకూడదు. ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఒక్కసారి దాని మీద కూరల సంచి పెట్టాను. ఆ రోజు వంకాయలు వీధిలో ఏరుకున్నాం.

పెన్నుకు రెండు సగాలుంటాయి. క్లిప్పు ఉండే పైసగాన్ని మేం మూత అంటాం, రాసే వైపు సగాన్ని ముక్కు అంటాం. రెండూ ఒకే కొయ్యముక్కను మధ్యకు కోసినవి కాబట్టి ఒకదానిలోని చార రెండోదానిలోకి నడవాలి. ఏ కొస ఎటో తెలియడానికి సగానికో చీటీ. క్లిప్పు వైపు కొసకు 'మూ', రాసే వైపు కొసకు 'ము'. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం.

రిటైరవుతున్న టీచరమ్మ ఒకావిడ తెచ్చిన చెక్క దగ్గర ఆ దీర్ఘమే కొంప ముంచింది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ రాసుకున్న బల్ల విరిగితే దాని పైచెక్క మోసుకొచ్చింది. చెక్కలో సిరా ఇంకి నీలంగా ఒక చార. "నా ఆఖరి క్లాసులో పన్నెండు మంది. తలా ఒక పెన్ను ఇస్తాను. ఆ నీలం మాత్రం తెగకుండా చూడండి," అంది. సగం చెక్క పురుగు తినేసింది. ఏరి ఏరి తీస్తే సరిగ్గా పన్నెండుకు సరిపోయింది.

చీటీలు రాసిన రోజు నాకు పన్నునొప్పి. ఇరవై నాలుగింటి మీదా 'ము' అనే రాసి పారేశాను. బావగారు రెండు సగాల మీదా ఒకే అక్షరం ఉండటం చూశారు. చూసి, అడగలేదు. పక్క గదిలోనే ఉన్నాను, పిలిస్తే పలికేదాన్ని. నేను పేర్చిన వరసలో పైసగాన్ని పైనే ఉంచి, చీటీ ఉన్న కొసలన్నీ కిందికే అనుకుని పన్నెండూ బిగించేశారు. పైసగాలన్నీ తలకిందులయ్యాయి. నీలం చార అతుకు దాకా వచ్చి తెగిపోయి, మళ్లీ ఎక్కడో క్లిప్పు కింద తేలింది.

"దీర్ఘం పెట్టడం రాని మనిషిని పనిలో పెట్టుకోవడం నాది బుద్ధి తక్కువ," అన్నారు బావగారు.

"రెంటికీ ఒకటే ఉంటే మీకు అనుమానం రాలేదా?"

"నన్నే అడుగుతున్నావా?"

"మీరు నన్ను అడగలేదనే అంటున్నా."

మా ఆయన లేత్ ఆపి, ఎంతో దుమ్ము పట్టినట్టు దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. గొడవైతే చాలు, ఆయనకు శుభ్రం గుర్తొస్తుంది.

"వేరే కొయ్య తీసి నీలం రంగు పూద్దాం. ఆవిడకేం తెలుస్తుంది," అన్నారు బావగారు.

నాకు ఒళ్లు మండింది. "అక్కర్లేదు. నేను విప్పి మళ్లీ బిగిస్తాను."

"ఎండిపోయిన చెక్క. విప్పితే చీలుతుంది. ఒక్కటి చీలినా నువ్విక ఈ గదిలోకి రావద్దు."

"పన్నెండూ నిలబడితే ఆ ప్రెస్సు నాది."

ఆయన నవ్వారు. నవ్వారంటే ఒప్పుకున్నట్టే. పైకి అలా అన్నానే గానీ లోపల భయం పట్టుకుంది. ఆ పొట్టు వాసన, ఆ బల్ల లేకపోతే ఇంట్లో నేను వండి వడ్డించే మనిషిని మాత్రమే. నాకది చాలదు.

పెన్నును లాగితే రెండు సగాలూ విడిపోతాయి. బిగుసుకున్న క్లిప్పును ఊడదీయడమే కష్టం. వేడి చేస్తే లోపలి ఇత్తడి గొట్టానికున్న జిగురు వదిలేస్తుంది. అందుకని వేడి జోలికి పోకుండా, సగాన్ని గుడ్డలో చుట్టి, క్లిప్పు కిందికి ఉండేలా చెక్కదిమ్మకు తొలిచిన గుంటలో నిలబెట్టి, పైనుంచి గొట్టంలోకి ఇనుపచువ్వ దించి చిన్న సుత్తితో తట్టాను. మూడో దెబ్బకు క్లిప్పు ఊడి గుంటలో పడింది. సగాన్ని తిప్పి, రెండో కొసకు క్లిప్పు పెట్టి ప్రెస్సు నొక్కాను. స్టూలు మీద కూర్చోలేదు. గెలిచాకే కూర్చుందామని నిలబడే నొక్కాను. నీలం చార అతుకు దాటి నడిచింది.

అలా పదకొండు అయ్యాయి. పన్నెండోదానికి సుత్తి చప్పుడు తేడాగా వినిపించింది. తీసి చూస్తే కొస దగ్గర వెంట్రుకంత చీలిక. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని, రుద్దినప్పుడు దాచిన ఆ చెక్క పొట్టునే పల్చటి జిగురుతో కలిపి చీలికలో నింపాను. ఆరాక గరుకు కాగితం పట్టాను.

బావగారు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు. "కనబడదులే. మాట్లాడకుండా ఇచ్చెయ్," అన్నారు మెల్లిగా.

తొమ్మిదేళ్లలో ఆయన నా మీద చూపిన మొదటి జాలి అదే. దానికి నాకు ఇంకా కోపమొచ్చింది. "కనబడకపోతే చీలనట్టా?" అన్నాను.

సాయంత్రం టీచరమ్మ వస్తే అన్నీ చెప్పేశాను.

"దీర్ఘం మర్చిపోయావా?" అంది.

"మర్చిపోయానండీ."

"మరి వీరు?" అంది బావగారి వైపు చూసి.

"చూసి కూడా అడగలేదండీ."

బావగారు కిటికీలోంచి వీధిని పరీక్షించసాగారు. టీచరమ్మ చీలిన పెన్నును గోటితో తడిమి, "నా క్లాసులో ఒకమ్మాయి ఉంది. ఏది చేతికిచ్చినా ముందు విప్పి చూస్తుంది. ఇది దానికి," అని విడిగా పెట్టుకుంది.

ఆవిడ వెళ్లాక బావగారు గొంతు సవరించుకున్నారు. "పందెం ఓడావు."

"ఓడాను. ప్రెస్సు అడగను. గది మాత్రం వదలను. తలుపేస్తే కిటికీలోంచి వస్తాను."

మా ఆయన లేత్ తుడవలేదు. "కిటికీ ఊచలు నేను తీసిపెడతాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. కొత్త చీటీల మీద దీర్ఘాలు కాగితం అంచు దాకా లాగి రాశాను. బావగారు వచ్చారు. పొమ్మనలేదు. స్టూలు మీద కూర్చుని, ఒక సగం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చీటీని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, ఇది మునా, మూనా?"

ఆ దీర్ఘం గుమ్మం దగ్గర్నుంచే కనబడుతోంది. అయినా అడిగారు.

"మూ, బావగారూ," అన్నాను, దీర్ఘం లాగి మరీ.