పీరాంబీ కుళ్ళు

పొద్దున్నే పళ్ళు తోముకుంటా పక్కింటి గోడ మీంచి తొంగిచూడటం పీరాంబీకి అలవాటు. ఇంకొకరి కన్ను పడితే చెట్టు మాడిపోతుంది. పీరాంబీ కుళ్ళుకుంటే మాత్రం విరగబూస్తుంది. జమ్మలమడుగులో ఆ వీధికంతా తెలిసిన సంగతే. ఎవరు మొక్క నాటినా "అక్కా, ఒకసారి చూసిపోదువు రా" అని టీ పోసి మరీ పిలుస్తారు.

సొంత వాకిట్లో ఆ కన్ను పారదు. తన చెట్టు మీద తానెట్లా కుళ్ళుకుంటుంది? అయినా పంతం పట్టి రోజాలు, పచ్చిక పెట్టింది. అవి బోరు నీళ్ళన్నీ తాగి, ఎండలు ముదరంగానే అప్పడాలయినాయి.

పక్కింటి కెరోలిన్ టీచరు గట్టిది. కాగితంపూలు, గన్నేరు, కలబంద, ఎడారి గులాబీ, అన్నీ నీళ్ళడగనివే ఏరి తెచ్చుకుంది. తేమ ఆరకుండా మొదళ్ళలో నాపరాయి ముక్కలు పరిచింది.

"చెంబుడు నీళ్ళు పోసి ఎట్లా కులుకుతాందో చూడు!" అని పీరాంబీ పండ్లు నూరేది. ఆమె నూరేకొద్దీ ఆ కాగితంపూలు గోడెక్కి కూర్చునేవి.

ఒకనాడు కెరోలినే వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అక్కా, నెల తప్పినా. ముందు రెండు కాన్పులూ నిలబడలేదు. ప్రభువుకు చెప్పుకున్నా, నీకూ చెప్పుకుంటాండా. నా కడుపును చూసి ఒకసారి కుళ్ళుకో అక్కా."

పీరాంబీకి ఒళ్ళు మండిపోయింది. ఎన్ని దర్గాలకు మొక్కినా తన కడుపు పండలేదు.

"ఏం మే, చెట్లు చాల్లేదా? నా కడుపుమంట గూడా నీకే కావల్నా?" అని తలుపు మూసేసింది.

కుళ్ళుకోనే కూడదని ఒట్టు పెట్టుకుని, పులివెందులలో చెల్లెలింటికి పోయి కూర్చుంది. యాడికి పోతే ఏంది? అన్నం కలుపుకుంటే కెరోలిన్ పొట్టే కండ్లముందర. నమాజులో చేతులెత్తినా అదే. "అల్లా, దానికిచ్చినావే, నాకెందుకియ్యలేదు?" అని వెక్కివెక్కి ఏడ్చింది.

నెలలు నిండి ప్రొద్దుటూరు ఆస్పత్రిలో కెరోలిన్‌కు బొద్దుగా ఆడబిడ్డ పుట్టింది. పోకూడదు అనుకుంటానే పీరాంబీ బస్సెక్కింది. కెరోలిన్ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది.

"కుళ్ళు తీరేదాకా ఎత్తుకో అక్కా."

పీరాంబీ ఆ బిడ్డ మొగం నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

"తీరదు మే," అంది. "నేను సచ్చేదాకా తీరదు."

ఆ మాట విని కెరోలిన్ నిమ్మళంగా అటు తిరిగి పడుకుంది.